చిగురు ఎర్రబడితే

మా తెలుగు సారు పోయారన్న కబురు ఫోన్లో విన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏ పన్ను అన్నా?" అని.

ఫోన్ చేసింది సారు కొడుకు. కడపలో ఉద్యోగం చేస్తాడు, నేను అన్నా అని పిలుస్తాను. ఆయన మెల్లగా చెప్పాడు. "పన్ను కాదు తమ్ముడూ. గుండె. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడంట. అమ్మ పిలిస్తే పలకల్యా."

నేను కర్నూలులో మా హాస్టల్ మెట్ల మీద ఉన్నాను. అలాగే కూర్చుండిపోయాను. చావు కబురు విని పంటి సంగతి అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. కానీ ఏడాదికి పైగా ఆ ఇంట్లో మేమందరం భయపడింది ఆ పంటి గురించే. పొద్దున లేస్తే భయం, ఫోన్ మోగితే భయం. గుండె అని తెలిశాక కూడా నా భయం తన అలవాటు మానుకోలేదు. అద్దం ముందు నిలబడి నోరు తెరిచినప్పుడల్లా లోపల ఏదో జంకుతుంది. మా సారును తలుచుకోవడమంటే నాకు ఆ భయాన్ని కూడా తలుచుకోవడమే. ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా అలాంటి పన్ను ఉంటే, ఈ భయంలో కాస్త వాళ్ళకూ పంచాలని ఉంది. అది ఉపయోగపడే భయం.

సారు సొంతూరు రాయచోటి పక్క. ఉద్యోగం ఆయన్ను బనగానపల్లెకు తెచ్చింది. మా హైస్కూల్లోనే రిటైరై, మా ఊళ్ళోనే ఉండిపోయారు. "సొంతూరికి పోరా సార్?" అని అడిగితే, "పండ్ల కోసరం ఈడనే ఉండిపోతి అప్పా," అనేవారు. మామిడిపండ్ల ఊరు కాబట్టి అందరూ మామూలుగానే నవ్వేవాళ్ళు. అందులో ఇంకో నవ్వు దాగి ఉందని ఎనిమిదో తరగతిలో తెలిసింది.

"పండు ఒకటైతే పండు. పన్ను ఒకటైతే పన్ను. ఒకటి కంటే ఎక్కువైతే?" అని అడిగారు.

"పండ్లు సార్."

"ఏవి?"

"రెండూ సార్!"

"ఈ ఊర్లో పుట్టి ఆ సంగతి తెలీకపోతే ఎట్లప్పా?"

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "ఇంటి పన్నో సార్?"

"దానికి పన్నులు. కడితే పన్నులు, ఊడితే పండ్లు. పరీక్షలో ఇస్తా, రాసుకో."

తరగతంతా గొల్లుమంది. నేను మాత్రం నవ్వడం మరచిపోయి ఆ మాటనే చూస్తూ ఉండిపోయాను. రోజూ వాడే మాట లోపల ఇంకో గది ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

ఆ తర్వాత దంత్యాల పాఠం. మా అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. "త అనండి. అని ఆగండి. నాలుక యాడుండాది?" పండ్ల వెనక అన్నాం. "అదీ దాని ఇల్లు. త, థ, ద, ధ, న, అయిదుగురూ ఒకే ఇంట్లో ఉంటారు." తర్వాత చాప, చేప అనమన్నారు. చాపలో చ పండ్లను తాకుతుంది, చేపలో చ అంగిలికి పోతుంది. "చాప నేల మీద పరుచుకుంటాది, చేప నీళ్ళలో ఎగుర్తాది. రెండిటికీ ఒకే నాలుకైతే ఎట్ల?" అన్నారు. ఆ రోజంతా నేను ఇంట్లో చాప, చేప అంటూ తిరిగాను. "వీనికి గాలి సోకిందేమో సూడండి," అని మా జేజి నా నుదుటి మీద విభూతి పెట్టింది. సోకిన మాట నిజమే. ఈరోజు నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నానంటే ఆ గాలి ఇంకా వదల్లేదనే అర్థం.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు సారు ముందుపండ్లు పోయాయి. ఉలవలు కోసే కాలంలో మా వైపు రైతులు ఉలవకట్టెను తారురోడ్డు మీద పరిచి వదిలేస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. దాని మీద స్కూటర్ బ్రేకు వేస్తే నూనె మీద వేసినట్టే. సారు అలా జారి పడ్డారు. చేతులకు గీతలు పడ్డాయంతే. పైవరసలో ముందున్న పండ్లు, ఎడమదీ కుడిదీ, రెండూ ఊడిపోయాయి.

పెదవి వాపు తగ్గకముందే బడికి వచ్చారు. బోర్డు మీద ఏదో రాసి మా వైపు తిరిగారు.

"అక్షరాలకు అయిదు ఇండ్లు చెప్పినా గదా. కంఠం, తాలువు, మూర్ధం, దంతం, ఓష్ఠం. నాలుగో ఇంటికి వాకిలి పోయింది. కొన్నాళ్ళు గాలి కొడతాది. నవ్వుకోండి, తప్పు ల్యా."

ఆ 'తప్పు'లో త లేదు. ఉత్త గాలి. అంత అల్లరి తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. మాట అనేది ఇంత చిన్న ఎముకముక్క మీద నిలబడి ఉందా అని నాకు అప్పుడే తట్టింది.

తర్వాత తీసి పెట్టుకునే పండ్లు కట్టించుకున్నారు. 'ధ్వని' అన్నప్పుడల్లా అవి కిందికి జారేవి. బొటనవేలితో పైకి నొక్కి పాఠం సాగించేవారు. రిటైరయ్యాక కొడుకు పట్టుబట్టి కర్నూలులో ఇంప్లాంట్లు పెట్టించాడు. అంటే దవడ ఎముకలోకి టైటానియం మర దింపుతారు. ఎముక దాన్ని తనదిగా పట్టుకునేదాకా నెలల తరబడి ఆగుతారు. ఆ తర్వాత మర మీద పన్ను బిగిస్తారు. అది బిగించిన రోజు సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి సారు వసారాలో నిటారుగా నిలబడి త, థ, ద, ధ, న అని వల్లిస్తున్నారు. గాలి ఎక్కడా పోవడం లేదు.

"చాల్లే, పక్కింటోళ్ళు పలకా బలపం తెచ్చుకుని బళ్ళో చేరతారు," అని వంటింట్లోంచి అమ్మ అన్నారు. సారు భార్యను మేమంతా అమ్మ అనే అంటాం.

డాక్టరమ్మ చెప్పి పంపిన జాగ్రత్తలు అమ్మకే బాగా గుర్తు. రెండు పూటలా ఆ పంటి చుట్టూ మెత్తగా తోమాలి. సందులో దారం పెట్టి తీయాలి. షుగరు అదుపులో ఉంచుకోవాలి. వక్కాకులో పొగాకు మానేయాలి. ఏ బాధా లేకపోయినా ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. మొదట్లో సారు అన్నీ చేశారు. రానురాను చివరిది ఆయనకు నవ్వొచ్చే మాటైపోయింది. "ఏమీ ల్యాకుండా ఆస్పత్రికి పోయేది యాడన్నా ఉంటాదా? నిజం పండ్లయితే పుచ్చిపోతాయి. లోహానికి పురుగు పడతాదా?" అనేవారు. మధ్యాహ్నం భోంచేశాక వక్కాకు నమిలేవారు. అందులో చిటికెడు పొగాకు ఉంటుందని అమ్మ అంటే, "మాట వరసకు ఏసుకుంటి," అనేవారు. షుగరు మందు మాత్రం వేసుకునేవారు, గుర్తున్న రోజున.

నేను కర్నూలులో చేరాక ప్రతి సెలవుకూ వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. గడపలో కాలు పెట్టకముందే ప్రశ్న వచ్చేది. "ఏం మాట తెచ్చినావప్పా?" వట్టి చేతులతో రావచ్చు గానీ వట్టి నోటితో రాకూడదు. నేనొక కొత్త మాట చెప్పేవాణ్ణి. సారు దాన్ని నోట్లో వేసుకుని మెల్లగా రెండు మూడుసార్లు పలికేవారు, బెల్లంముక్క చప్పరించినట్టు. ఆ తర్వాతే కూర్చోమనేవారు.

ఒక సెలవుకు 'దుడ్లు' తీసుకెళ్ళాను. ఆదోని పక్క నుంచి వచ్చిన మా హాస్టల్ మిత్రుడు డబ్బుల్ని దుడ్లు అంటాడు. ఆ మాట కన్నడం వైపు నుంచి గోడ దూకి వచ్చింది. సారుకు పండగే అనుకుంటూ వెళ్ళాను.

"దుడ్లు సార్," అన్నాను.

సారు తల ఊపారు. "మంచి మాట," అన్నారు.

అంతే. దాన్ని పలకలేదు. నేను ఎదురుచూశాను. ఆయన కిటికీ వైపు చూశారు. "రాప్పా, కూర్చో," అన్నారు. ఎప్పుడూ 'దాప్పా' అనే మనిషి. కాఫీ వచ్చాక, "కాఫీ పుచ్చుకో," అన్నారు.

అమ్మ గ్లాసు అక్కడ పెడుతూ పకపకా నవ్వారు. "ఇదేం మాటప్పా? నెల దినాల్నుంచి ఇంతే మీ సారు. తిన్నావా అనడు, భోంచేశావా అంటాడు. తాగు అనడు, పుచ్చుకో అంటాడు. కోస్తావాళ్ళ ఇంట్లో అల్లుడైనట్టు!"

నేను కూడా నవ్వాను. ఇంటికి పోయే దారిలో నా నవ్వు ఆగిపోయింది. తిన్నావా. తాగు. దా. దుడ్లు. ఆయన మాటలు మార్చడం లేదు. ఒక ఇంటివైపు పోవడం మానేశారు. త ఉన్న మాటల్ని, ద ఉన్న మాటల్ని దాటుకుంటూ, చుట్టూ తిరిగి వస్తున్నారు. నాలుక ఆ పండ్ల వెనక ఆనకుండా చూసుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అడిగాను. "పన్ను కదులుతాందా సార్?"

"ల్యా."

"నొప్పా?"

"నొప్పి ల్యా."

"మరి?"

సారు ఇక చుట్టూ తిరగలేదు. త దగ్గరా, ద దగ్గరా నాలుక జంకుతున్నా పలికారు. "ఉప్పగా ఉండాది," అన్నారు చివరికి. "నాలుక తగిల్తే ఏందో ఉప్పగా వస్తాది. తోమినప్పుడు నెత్తురు. అందుకే ఆడ తోమేది మానుకుంటి. పుండును గీకగూడదు గదా. ఆరిపోతాదిలే అనుకుంటి."

నాకు పంటి వైద్యం తెలియదు. కానీ 'నెత్తురు వచ్చింది, అందుకే తోమడం మానేశాను' అన్న మాటలో ఏదో తలకిందులుగా ఉందని మాత్రం అనిపించింది. నోరు తెరవమని ఫోన్ లైటు వేసి ఫొటో తీసి, ఆయనకే చూపించాను. ఎడమ పంటి పైన చిగురు ఉబ్బి, తళతళా మెరుస్తూ ఎర్రగా ఉంది. కొంతమేర పైకి జరిగిపోయింది. ఆ ఖాళీలో బూడిదరంగు లోహం అంచు కనబడుతోంది. కుడి పంటి పైన కూడా ఎరుపు మొదలైంది.

సారు కండ్లద్దాలు సర్దుకుని చూశారు. "మామిడి చిగురు మాదిరి ఉండాదే," అన్నారు. ఫోన్ నాకిచ్చేస్తూ, "చెట్టుకైతే మంచి కాలమే," అన్నారు.

"ఈరోజే కర్నూలు పోదాం సార్."

"పోదాంలే. సోమవారం పోదాం."

"ఎందుకు సార్ సోమవారం దాకా?"

ఆయన నా వైపు చూడలేదు. "పీకుతారప్పా," అన్నారు. "పీకితే మళ్ళా అది పోతాది." ఏది పోతుందో ఆయన చెప్పలేదు. అక్షరాల నాలుగో ఇల్లని నాకు తెలుసు.

అప్పుడు అర్థమైంది. ఆయనకు తెలుసు. జబ్బు లేదని నమ్మి ఊరుకోలేదు, ఉందని భయపడి ఊరుకున్నారు. తీసి పెట్టుకునే పండ్లను బొటనవేలితో నొక్కిపట్టుకున్న రోజులు ఆయన మరచిపోలేదు. మళ్ళీ ఆ గాలి మాటల్లోకి పోవడం ఆయన వల్ల కాదు.

సోమవారం దాకా అది ఆగలేదు. ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేశారు. "రా నాయనా, మీ సారు మొగం సూడు ఎట్లయిందో."

ఎడమ చెంప కంటిదాకా ఉబ్బి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నోరు సగమే తెరుచుకుంటోంది. నీళ్ళు మింగడానికి కష్టపడుతున్నారు. షుగరు చూస్తే ఆకాశంలో ఉంది. కారు మాట్లాడి ఎక్కించాం. అన్న కడప నుంచి బయల్దేరాడు. దారి పొడుగునా అమ్మ దేవుళ్ళను పిలుస్తూనే ఉన్నారు, శ్రీశైలం మల్లన్నకు ఏమేమో మొక్కుతున్నారు. సారు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. పాణ్యం దాటాక ఆయన చూపుడువేలు నా అరచేతిలో కదిలింది. ఏదో రాస్తున్నారు. బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఒక అక్షరం రాసి ఆగిపోయారు. భ. మిగతాది రాయాల్సిన పని లేకపోయింది.

ఆస్పత్రిలో వెంటనే సెలైను పెట్టారు. చీము తీశారు. ముఖం మీద వాపు గొంతులోకి దిగితే ఊపిరికే ప్రమాదమని, ఆలస్యం చేయకుండా తేవడం మంచిదైందని డాక్టరమ్మ అన్నది. మరలు పెట్టిందీ ఆమే, వయసులో చిన్నది. సారుకు మాట వచ్చేదాకా రెండు రోజులు ఆగి, అప్పుడు ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది.

"నొప్పి లేదనే ఊరుకున్నారా సార్?"

"నొప్పి ల్యాకుంటే జబ్బెట్లయితాదమ్మా?"

"నిజమైన పంటికి చుట్టూ నరాలున్న పొర ఉంటుంది. ఏ చిన్న తేడా వచ్చినా అది అరుస్తుంది. మీ మరకు ఆ పొర లేదు, నేరుగా ఎముకలో కూర్చుంది. దాని చుట్టూ ఎముక కరిగిపోతున్నా అది అరవదు. ముందు వచ్చేది నెత్తురు. తర్వాత ఎరుపు, వాపు, చెడ్డ రుచి, చీము. చిగురు పైకి జరగడం. కదలడమంటే ఇంచుమించు అయిపోయినట్టే. నొప్పి ఆఖరు బస్సులో వస్తుంది సార్. దాని కోసం స్టాండులో నిలబడకూడదు."

సారు ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. మంచి ఉపమానం వింటే ఆయన జ్వరంలో కూడా మెచ్చుకోగలరు.

ఎక్స్‌రేలో ఎడమ మర చుట్టూ ఎముక గుంత పడి ఉంది. వాన లేక ఇంకిపోయిన బావిలా, అంచులు తప్ప లోపల ఏమీ లేదు. దాన్ని తీసేయక తప్పలేదు. కుడిదాని చుట్టూ కొద్దిగా మాత్రమే తరిగింది. డాక్టరమ్మ రెండు పనిముట్ల పిడులు ఆ పంటికి చెరొకపక్కా ఆనించి, మెల్లగా అటూ ఇటూ నెట్టి చూసింది. అమ్మా, నేనూ, అన్నా గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాం.

"ఇది కదల్లేదు," అన్నది. "ఎముక ఇంకా పట్టుకునే ఉంది. నేను శుభ్రం చేసి ఇస్తాను. నిలబెట్టుకోవాల్సింది మీరు. ఇది కూడా పోతే, ఈ షుగరుతో, ఈ ఎముకలో మళ్ళీ మర దింపగలనని మాట ఇవ్వలేను."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నీ ఆ ఒక్క కుడి పంటి చుట్టూ తిరిగాయి. సారు వక్కాకు పెట్టెను అమ్మ తీసుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేశారు. షుగరు మాత్ర వేసుకుంటే గానీ కాఫీ గ్లాసు అందేది కాదు. పొద్దునా రాత్రీ సారు అద్దం ముందు నిలబడి, పసిపిల్లవాడికి నీళ్ళు పోసినట్టు ఆ పంటి చుట్టూ మెత్తటి బ్రష్షు తిప్పేవారు. సన్నటి బుడ్డ బ్రష్షుతో సందులు తుడిచేవారు. దారం పెట్టి తీసి, వెలుతురులో పట్టుకుని నెత్తురు ఉందా అని చూసేవారు. ఆ దారాన్ని అమ్మ కూడా చూసేవారు. ఎడమవైపు ఖాళీలో చిన్న తీసి పెట్టే పన్ను, కుడిదాని మీద బరువు పడకుండా కట్టించారు. జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినేవారు. మామిడిపండును ముక్కలు కోసుకునేవారు. డాక్టరమ్మ రమ్మన్న రోజుకు ఒకరోజు ముందే బస్సెక్కడానికి తయారయ్యేవారు.

అప్పటి నుంచి రోజూ పొద్దున నా ఫోన్‌కు ఆయన గొంతు వచ్చేది. వేరే మాటలేవీ ఉండవు. త, థ, ద, ధ, న. అంతే. ఆ అయిదు అక్షరాలు గట్టిగా వినిపిస్తే ఆ రోజుకు పన్ను ఉన్నట్టు. ఎప్పుడైనా ఆలస్యమైతే నేను తరగతిలో కూర్చుని బల్ల కింద ఫోన్ చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం దాకా రాలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "ఫోన్లో చార్జింగు ల్యా నాయనా, పంట్లో ఉండాది," అన్నారు.

భయపడ్డ మనిషి దాచుకుంటాడని అనుకుంటాం. సారు తన భయాన్ని బయటికి తెచ్చి ఊళ్ళో పంచారు. బంకు దగ్గర ఒకాయన పిన్నీసుతో పండ్లు కుట్టుకుంటుంటే చెయ్యి పట్టుకున్నారు.

"ఏమి సారూ, పండ్ల డాక్టరైనావా?"

"డాక్టరు కాదప్పా, రోగిని. డాక్టరు కంటే భయం ఎక్కువ."

మాకు చెప్పిన పాఠాలు ఇప్పుడు వాళ్ళకు చెప్పేవారు. "చిగురుకూ పంటికీ నడుమ ఉండేది సంధి. సొంత పంటికి అది నిత్యం. కట్టించిన పంటికి వైకల్పికం. మనం సూసుకుంటే జరుగుతాది, ల్యాకుంటే ల్యా." ఇంకొకటి నాకు చాలాసార్లు చెప్పారు. "చిగురు ఎర్రబడితే చెట్టుకు వసంతం. నోటికి కాదు."

మీరు ఎవరైనా సరే, మీ ఇంట్లో ఎవరికైనా ఇంప్లాంట్ పన్ను ఉంటే, ఈ మాట గోడ మీద కాదు, అద్దం పక్కన పెట్టుకోండి. తోమితే నెత్తురొస్తే తోమడం ఆపకండి, డాక్టరు దగ్గరికి పోండి. పోయేదాకా ఇంకా మెత్తగా, ఇంకా శ్రద్ధగా తోమండి. నోరు ఉప్పగా ఉన్నా, వాసన వచ్చినా, చిగురు ఉబ్బినా, పన్ను పొడవైనట్టు కనబడినా, మర మీద బిగించిన పన్ను కొంచెం ఆడినట్టు అనిపించినా సోమవారం కోసం ఆగకండి. ముఖం వాచి జ్వరం వస్తే గంట కూడా ఆగకండి. అన్నిటికంటే ముందు, మీ పెద్దవాళ్ళ మాటలు వినండి. వాళ్ళు ఏ మాటల్ని మానేశారో వినండి. నొప్పి లేదని చెప్పే నోరు నిజమే చెబుతుంది. కానీ నొప్పి లేకపోవడం వేరు, బాగుండటం వేరు. ఈ రెండిటికీ ఒకే మాట వాడటమే మేము చేసిన తప్పు.

చివరిసారి నేను వెళ్ళినప్పుడు మామిడికాయల కాలం. గంపలు ఇంటి ముందు నుంచే పోతున్నాయి. "ఏం మాట తెచ్చినావప్పా?" అన్నారు.

"కుదురు సార్."

సారు కళ్ళు మూసుకున్నారు. "ద ఉండాది దీంట్లో," అన్నారు. "కుదురు. కుదురు. కుదురు." నాలుక పండ్లను తాకిన చప్పుడు ప్రతిసారీ వినబడింది. "శానా మంచి మాట. కుండ కింద పెట్టేదీ కుదురే, మనసుకు కావాల్సిందీ కుదురే. దాప్పా, కూర్చో."

పోయిన రోజు పొద్దున కూడా ఆయన గొంతు నా ఫోన్‌కు వచ్చింది. త, థ, ద, ధ, న. పండ్లు తోముకుంటూ విని, ఈరోజుకు భయం లేదు అనుకున్నాను. అందుకే అన్న ఫోన్ చేసినప్పుడు నాకు వేరే ఏ చావూ తోచలేదు.

దహనం అయ్యాక ఎముకలు ఏరడానికి అన్నతో పాటు నేనూ వెళ్ళాను. బూడిద మీద పాలు చల్లారు. సన్నటి ఆవిరి లేచి చల్లారింది. అన్న వంగి, తెల్లగా సున్నంలా మారిన ముక్కల్ని ఒక్కొక్కటే తీసి కుండలో వేస్తున్నాడు. పట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. అలా తీస్తూ ఒకచోట ఆగాడు.

"ఇదేంది తమ్ముడూ, ఈడ మేకు?"

నేను చెయ్యి చాచాను. వేలిగోరంత ఎముకముక్క. దాంట్లో నిలువుగా, నీలం తిరిగిన చిన్న మర. పైన బిగించిన పన్ను మంటలో పగిలి ఎటో పోయింది. చుట్టూ అంతా బూడిదైంది. ఈ కాస్త ఎముక మాత్రం మరను పట్టుకుని ఉంది.

అన్న కుండను నా ముందు పెట్టాడు, మల్లన్న దగ్గర కృష్ణలో కలపడానికి. అందులో వేసే ముందు, డాక్టరమ్మ చేసినట్టే, దాని కొసను వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ నెట్టి చూశాను.

కదల్లేదు.